సైరన్ వినపడని ఓదెలు

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక జూన్ రెండో వారంలో నన్ను గోదావరిఖని దగ్గరి ఒక ఓపెన్‌కాస్ట్ గని పక్కనున్న గుట్ట మీద రోకలిబండల రకాలు నమోదు చేసే పనికి వేశారు. అప్పుడు నేను బొగ్గు కంపెనీ పర్యావరణ విభాగంలో డిప్యూటీ మేనేజర్ని. చదివింది జంతుశాస్త్రం. ఉద్యోగమంతా నీళ్ల నమూనాలు, దుమ్ము కొలతలు, మొక్కల పెంపకంతోనే గడిచింది. చదివిన చదువుకు తగిన పని దొరకడం దాదాపు అదే మొదటిసారి.

ఉత్తర్వు చూసి ఆఫీసులో నవ్వారు. "మేడంకు రోకలిబండల డ్యూటీ పడ్డది" అన్న మాట క్యాంటీన్ దాకా పాకింది. పనికి మాత్రం అర్థముంది. రోకలిబండ, అంటే ముట్టుకుంటే చుట్టుకుపోయే ఆ వందల కాళ్ల పురుగు, రాలిన ఆకును తిని మట్టిగా మారుస్తుంది. దానికి రెక్కలు లేవు, దూరం పోలేదు. అందుకని ఒక గుట్ట మీద ఎన్ని రకాలున్నాయో చూస్తే ఆ అడవి నేల ఎంత పాతదో అంచనాకు అందుతుంది. గని తవ్వినప్పుడు పైకి తీసిపోసిన మట్టి గుట్టల మీద మేం చెట్లు నాటుతాం. నాటింది నిజంగా అడవి అయిందో లేదో తేల్చాలంటే, పోల్చి చూడటానికి ఒక అసలైన అడవి వివరాలు కావాలి. దానికి ఎంచుకున్నది ఎలుగు గుట్టను. టేకు, నల్లమద్ది, తునికి చెట్ల అడవి అది. తూర్పు వాలు ఊరి బాట మీదికి దిగుతుంది. పడమటి వాలు గని అంచు దాకా పోతుంది.

పద్ధతి సులువే. పది మీటర్ల చదరాన్ని తాడుతో గుర్తుపెట్టి, అందులోని ఆకులు, రాళ్లు, కుళ్లిన దుంగలు ఒక్కొక్కటీ తిరగెయ్యాలి. దొరికినవాటిని లెక్కపెట్టి, పొడవు కొలిచి, రకానికి రెండింటిని స్పిరిట్ గొట్టాల్లో వెయ్యాలి. చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. తొలకరి పడ్డ మొదటి రెండు వారాల్లో అవి పైకి వచ్చినంతగా మళ్లీ రావు. ఆ రెండు వారాలే మాకున్న గడువు.

నాకు తోడుగా ఇచ్చిన మనిషి ఓదెలు. ఇరవై ఏళ్లకు పైగా భూగర్భ గనిలో డ్రిల్లు మిషను నడిపి చెవులు పోగొట్టుకున్నాడు. వైద్యులు భూగర్భ పనికి పనికిరాడని రాస్తే ఉపరితలంలో మొక్కల విభాగానికి వచ్చాడు. కుడి చెవికి ఏమీ వినపడదు. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా అంటే సగం అందుతుంది. మిగతాది పెదాల కదలిక చూసి పట్టుకునేవాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. నేను 'ఓదెలన్నా' అనేదాన్ని. నాలుగు రోజుల్లో భూతద్దం పట్టి మగదానికీ ఆడదానికీ తేడా చూడటం నేర్చుకున్నాడు. అది చిన్న విషయం కాదు. రోకలిబండ పేరు తేల్చేది మగదాని ఏడో కణుపు దగ్గరి కాళ్లే. అవి జతకట్టడానికి అనువుగా మారి, ఒక్కో జాతిలో ఒక్కో ఆకారంలో ఉంటాయి. ఆడది ఎంత అందంగా ఉన్నా పేరు చెప్పలేం.

మేమిద్దరం మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నాం. ఓదెలు ఎప్పుడూ నా కంటికి కనిపించేంత దూరంలోనే ఉండాలి. ఎందుకంటే గుట్ట పడమటి సగం బ్లాస్టింగ్ జోన్‌లో ఉంది. గనిలో పేలుడు పెట్టే చోటు నుంచి ఐదు వందల మీటర్ల లోపల, పేల్చే సమయానికి మనిషి ఉండకూడదు. మొదటి సైరన్ మోగగానే అందరూ బయటికి వెళ్లాలి. బాటలన్నిటి మీదా ఎర్ర జెండాలతో గార్డులు నిలబడతారు. జోన్ ఖాళీ అని తేలాకే పేలుస్తారు. ఫోన్లు లోపలికి తీసుకుపోరాదు, మావి జీపులో పెట్టి తాళం వేసేవాళ్లం. పొద్దున గుట్టకు పోయే ముందు బ్లాస్టింగ్ గార్డుల క్యాబిన్‌లోని రిజిస్టర్‌లో పేర్లు, వచ్చిన సమయం రాయాలి. తిరిగి పోయేటప్పుడు పోయిన సమయం రాసి సంతకం చెయ్యాలి.

ఇక్కడ నా తప్పు చెప్పాలి. క్యాబిన్ గనివైపు ఉంది, మా జీపు ఊరివైపు. దిగాక మళ్లీ గుట్ట చుట్టి క్యాబిన్‌కు పోవడం బద్ధకమనిపించింది. రెండో రోజు నుంచి పొద్దునే రెండు గడులూ నింపేసేదాన్ని. వచ్చింది ఎనిమిది, పోయింది పన్నెండున్నర, కింద సంతకం. పేల్చేది మామూలుగా రెండున్నరకు. ఒంటిగంట దాకా ఉన్నా నష్టం లేదనుకున్నాను. ఈ సంగతి ఓదెలుకు తెలియదు.

ఐదో రోజు పొద్దున్నుంచీ ఉక్కపోతగా ఉంది. మధ్యాహ్నానికి మంచిర్యాల వైపు ఆకాశం నల్లబడింది. ఒంటిగంట కావస్తుండగా ఓదెలు అరచేతిలో ఒకదాన్ని పట్టుకొచ్చాడు. చదునుగా, నల్లగా ఉంది, ప్రతి కణుపుకూ అంచున పసుపు చుక్క. ముక్కు దగ్గర పెట్టుకుంటే చేదు బాదం వాసన. నేనా గుట్ట మీద అటువంటిది అంతకుముందు చూడలేదు. భూతద్దం పెడితే ఆడది.

"మగది దొరికితే బాగుండేది" అన్నాను అతని ఎడమ చెవి దగ్గర.

"గా వాగు అవుతల పెద్ద దుంగ ఉన్నది మేడం. దానికిందనే దొరికింది. ఇంకోటి ఉంటది. ఇట్ల పోయి అట్ల తెస్త" అన్నాడు.

వాగు అవతలంటే పడమటి వాలు. నేను తల ఊపాను. అతను చెట్ల మధ్య కనిపించకుండా పోయాడు. నేను చీటీ రాస్తూ కూర్చున్నాను.

ఒంటిగంటా పది నిమిషాలకు మొదటి సైరన్ మోగింది.

ముందు అర్థం కాలేదు. రెండున్నరకు కదా అనుకున్నాను. తరువాత తల ఎత్తి మబ్బు చూశాను. పిడుగులు పడే వాన వస్తోంది. మందు నింపిన రంధ్రాలను ఆ వానకు వదిలెయ్యలేరు, అందుకే ముందుకు జరిపారు. లోపల మనుషులుంటే కబురు పంపేవాళ్లే. కానీ రిజిస్టర్ ప్రకారం మేమిద్దరం పన్నెండున్నరకే వెళ్లిపోయాం.

"ఓదెలన్నా!" అని కేక పెట్టాను. పెట్టాక, ఎవరిని పిలుస్తున్నానో గుర్తొచ్చింది. వాగు దాకా పరుగెత్తాను. చెట్ల కింద అప్పటికే మసక చీకటి. దుంగ ఎక్కడో తెలియదు. ఏ పొద చూసినా మనిషి వంగి కూర్చున్నట్టే ఉంది. దగ్గరికి పోతే పొదే. వాగు దాటడానికి ధైర్యం చాలలేదు. దాటకుండా వెనక్కి తిరగడానికీ మనసొప్పలేదు. గట్టు వెంట పైకీ కిందికీ తిరిగాను. చివరికి కాళ్లు వాటంతట అవే ఊరి బాట వైపు తిరిగాయి.

బాట మీద ఎర్ర జెండాతో ఉన్నది రాజేశం. పాతికేళ్ల సర్వీసున్న గార్డు. నన్ను చూసి దెయ్యాన్ని చూసినట్టు చూశాడు.

"మేడం, మీరిద్దరు ఎప్పుడో దిగిపోయిండ్రని బుక్కుల రాసున్నది గదా!"

"అది తప్పు. ఓదెలు ఇంకా పైనే ఉన్నాడు. వాగు అవతల."

అతను వెంటనే చేతిలోని వైర్‌లెస్ సెట్ ఎత్తి, "ఆపుండ్రి సార్, ఆపుండ్రి, గుట్ట మీద మనిషున్నడు" అని రెండుసార్లు అరిచాడు.

బ్లాస్టింగ్ ఇన్‌చార్జ్ శ్రీధర్ అనే అసిస్టెంట్ మేనేజర్. ముప్పై రెండేళ్లుంటాయేమో. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. సెట్‌లో అతని గొంతు నింపాదిగా వచ్చింది.

"మేడం, నేను పేల్చడం ఆపాను. కానీ మందు నింపి ఉంది, ఉరుము దగ్గరికొచ్చేసింది. పిడుగు పడితే నేను మీట నొక్కక్కర్లేదు, దానంతటదే పేలొచ్చు. అందుకని ఇప్పుడు ఎవ్వర్నీ లోపలికి పంపలేను. మీరూ వెళ్లకూడదు."

"అయితే అతను?"

"చూద్దాం" అన్నాడు.

అతను చెయ్యగలిగింది చేశాడు. గని అంచున రాత్రి పనికోసం పెట్టిన లైట్ల స్తంభాన్ని గుట్టవైపు తిప్పించి, వెలిగించి ఆర్పించడం మొదలుపెట్టాడు. చెవులు పోయినా కళ్లున్నాయి కదా అని. మబ్బు చీకట్లో ఆ వెలుగు చెట్ల తలల మీద పడి పోతోంది, పడి పోతోంది. బాట మీదికి మాత్రం ఎవరూ దిగలేదు.

ఐదు నిమిషాలు గడిచాయి. గోదావరి వైపు ఒక మెరుపు మెరిసింది. ఉరుము వినపడేలోపల నేను అంకెలు లెక్కపెట్టుకున్నాను. తరువాతి మెరుపుకు ఆ అంకె సగమైంది. ఇక నిలబడలేకపోయాను. ఒక్క ఉదుటున గుట్ట వైపు కదిలాను. రాజేశం జెండా పారేసి నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు మేడం. దండం పెడత. మీరు పోతే ఇద్దరు పోతరు."

గింజుకున్నాను, తిట్టాను కూడా. అతను వదల్లేదు. వేళ్ల గుర్తులు పడేంతగా బిగించి పట్టుకున్నాడు.

అప్పుడు గని అవతలి గట్టు మీద పిడుగు పడింది. తెల్లటి వెలుగు, దాని వెంటే కాళ్ల కింద నేల పైకి లేచినట్టయింది. పేలుడు చప్పుడు విన్నట్టు గుర్తులేదు. గుట్ట తల మీద దుమ్ము లేవడం చూశాను, రాళ్లు ఆకుల్లోంచి దూసుకుపోతూ కొమ్మలు విరగడం మాత్రం విన్నాను. అరచెయ్యంత రాయి ఒకటి మాకు ఇరవై అడుగుల దూరంలో బాట మీద పడి దొర్లింది. ఆ తరువాత వాన.

పేలాక కూడా వెంటనే పోకూడదు. కొన్ని రంధ్రాలు పేలకుండా మిగిలి ఉండొచ్చు, పొగ విషం. మెరుపులు తగ్గేదాకా ముప్పావు గంట ఆ బాట మీదే తడుస్తూ కూర్చున్నాం. ఓదెలు భార్యకు ఏం చెప్పాలో వాక్యాలు పేర్చుకున్నాను. ఒక్కటీ చివరిదాకా రాలేదు. తరువాత శ్రీధర్ ఇంకెవర్నీ రానివ్వకుండా, మందు పేల్చే షాట్‌ఫైరర్ ఒక్కణ్నే వెంటబెట్టుకొని తానే గుట్ట ఎక్కాడు.

సెట్‌లో అతని గొంతు వచ్చేసరికి నాకు చెవులు మూసుకోవాలనిపించింది.

"బతికే ఉన్నాడు."

వాగు అవతల ఒక పెద్ద బండ ఉంది. దాని వెనక, గనికి వీపు పెట్టి, తల మోకాళ్లలో దాచుకొని ముడుచుకుని కూర్చున్నాడట. భుజం మీద రాయి తగిలి చర్మం చీలింది. అంతకుమించి ఏమీ కాలేదు. ఆ బండ వెనక ఉండబట్టే లైట్లు అతనికి కనిపించలేదు.

అంబులెన్సులో ఏరియా దవాఖానకు పోతుండగా, పేలుస్తారని ఎట్లా తెలిసిందని సైగ చేశాను.

"భూమి ఊకున్నది మేడం" అన్నాడు. "నేల మీద చెయ్యి పెడితే డంపర్లు నడుసుడు ఎరుకైతది నాకు. అప్పటిదాక అదురుతున్నది, ఒక్కపారి ఆగింది. షిఫ్టు ఇడవకముందుకే మిషన్లన్ని ఆగినయంటే బ్లాస్టింగే. దిగుదామంటే ఎంత టైం ఉన్నదో తెల్వది. నడిమిట్ల దొరుకుతనని బండ సాటుకు పోయిన."

కాసేపటికి నా ముఖం చూస్తూ అడిగాడు.

"నేను ఆడ ఉన్నట్టు మీకు ఎరుకే గదా. మరి ఎవలు రాకపోయిరేంది?"

నేను కిటికీ వైపు తిరిగాను. నా పెదాలు కనిపించక, జవాబు తనకే అందలేదనుకున్నాడేమో, మళ్లీ అడగలేదు.

నాలుగు రోజుల తరువాత విచారణ జరిగింది. సేఫ్టీ విభాగం నుంచి వచ్చిన అధికారి మెత్తని మనిషి, గొంతు పెంచలేదు. రిజిస్టర్ సంగతి నేనే ముందు రాసిచ్చాను. జోన్‌లో ఉన్నందుకు ఓదెలుకూ మెమో ఇచ్చారు. అతను నా అనుమతితో పోయాడని రాసి, దాన్ని వెనక్కి తీయించాను. రాజేశం నా చెయ్యి పట్టుకున్నందుకు తనమీద ఫిర్యాదు వస్తుందని భయపడుతున్నాడని తెలిసి, ఆ సంగతి కూడా నా వాంగ్మూలంలో చేర్చాను. అతను పట్టుకోకపోతే పేలిన సమయానికి నేను ఏ చాటూ లేని వాలు మీద ఉండేదాన్ని. శ్రీధర్ నన్ను ఆపడం ఆనాడు క్రూరత్వమనిపించింది. కొలతలు వేసి చూస్తే అతని మాటే సరి. నాకు హెచ్చరిక పత్రం వచ్చింది, ఆ ఏటి ప్రమోషన్ జాబితాలో పేరు లేదు. రెండూ న్యాయమే. రోకలిబండల నివేదిక ఆలస్యంగా పూర్తయింది. పసుపు చుక్కలదాని ఎదురుగా "ఆడది ఒక్కటే, జాతి తేల్చలేదు" అని రాశాను.

విచారణ అధికారి ఆనాటి సమయాలన్నీ ఒక కాగితం మీద వరుసగా వేసుకున్నాడు. మొదటి సైరన్ ఒంటిగంటా పది. ఉరుము దగ్గరికొచ్చిందని శ్రీధర్ లోపలికి పోవడం నిషేధించింది ఒంటిగంటా ఇరవై రెండు. నేను రాజేశం దగ్గరికి చేరింది ఒంటిగంటా ముప్పై. వాగు నుంచి బాటకు దిగడానికి ఆరు నిమిషాలు చాలు. సైరన్ వినగానే దిగి చెప్పి ఉంటే, నిషేధానికి ముందే మనుషులు పైకి పోయేవాళ్లు, ఓదెలు పేలుడుకు చాలాముందే కిందికి వచ్చేవాడు.

"మిగతా సమయం ఏం చేశారు మేడం?" అని అడిగాడు.

వెతికానని చెప్పవచ్చు. అది సగమే నిజం. ఆ నిమిషాల్లో నేను ఎక్కువగా రిజిస్టర్ గురించి ఆలోచించాను. ఎవరికీ తెలియకుండా ఓదెలును కిందికి దించే దారి ఏదైనా ఉందా అని వెతికాను. అదే మాట చెప్పాను. అతను రాసుకున్నాడు.

ఆ ఘటన నాకు నేర్పింది ఇది. ప్రమాదంలో మనిషికి రెండు భయాలు ఒకేసారి వస్తాయి. ఒకటి ఎదుటి మనిషి ప్రాణం గురించి, ఇంకొకటి మన తప్పు బయటపడటం గురించి. లోపల రెండూ ఒకే రకంగా వణికిస్తాయి, ఏది ఏదో ఆ క్షణంలో తెలియదు. ఆ రోజు నన్ను వాగు గట్టున నిలబెట్టింది రెండోది. ఓదెలు తన తెలివివల్ల బతికాడు. నావల్ల కాదు.