కంభంలో దిగిపోయిన చుక్క

మార్కాపురం బస్టాండులో "పొగ త్రాగరాదు" అని రాసిన గోడకు అవతలి పక్కనుంచి చుట్ట వాసన వస్తోంది. గోడకు ఇవతల అంతా చట్టబద్ధంగానే ఉంది: వేరుశనక్కాయల పొట్టు, ఫినాయిలు, డీజిలు, ఎవరిదో టిఫిను డబ్బాలోంచి చింతపండు పులిహోర. ఆ చుట్ట వాసన తగిలినప్పుడల్లా నాకొక మహాకావ్యం గుర్తొస్తుంది. అందులో సుదూర యాత్ర ఉంది, నక్షత్రం ఉంది, ఎడబాటు ఉంది, అగ్నిప్రమాదం కూడా ఉంది. అయితే ముందే ఒప్పుకోవాలి, ఆ యాత్ర మార్కాపురం రోడ్డు స్టేషన్ నుంచి గిద్దలూరుకు పాసింజరు బండిలో జరిగింది. అగ్నిప్రమాదంలో కాలింది రంగు కాగితం.

చుట్ట మా జేజినాయనది, అంటే మా నాయనకు నాయన. మా పల్లె చర్చికి సంఘపెద్ద. చర్చి చుట్టూ పనికిరాని పలకరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన గోడ ఉండేది, దాన్నిండా సందులే. చుట్ట నోట్లో పెట్టుకుని గేటు దాటకూడదని రూలు పెట్టింది జేజినాయనే. అందుకని ఆదివారం పొద్దున ముసలివాళ్ళంతా సగం కాలిన చుట్టల్ని నలిపి, ఎవరి సందులో వాళ్ళు దోపి లోపలికి పోయేవాళ్ళు. ఒకరి సందు జోలికి ఇంకొకరు పోయేవాళ్ళు కాదు. ఎవరైనా చనిపోతే ఆ సందును కొన్నాళ్ళు ఖాళీగా వదిలేసేవాళ్ళు. పాస్టరయ్యగారి ఆశీర్వాదం అయ్యీ కాకముందే చెప్పుల దగ్గర తొక్కిసలాట మొదలయ్యేది. అది భక్తి కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

డిసెంబరు వస్తే మా ఇంట్లో మూడు వాసనలు ఒకేసారి తిరిగేవి: కజ్జికాయలు వేగే నూనె, కొత్త బట్టల గంజి, జేజినాయన క్రిస్మస్ చుక్క కోసం ఉడకబెట్టే మైదా బంక. బంకలో ఆయన మైలుతుత్తం కలిపేవాడు, పురుగులు తినకుండా. పిల్లలు తినకుండా అని మా జేజి అనేది. వెదురును బద్దలుగా చీల్చి, నీళ్ళలో నానబెట్టి, పురికొసతో బిగించి, ఐదు కాళ్ళకూ ఎర్ర కాగితం అతికించి, చలిగాలికి బిగుసుకున్న ఆ కాగితాన్ని వేలితో మీటి, డప్పు మోగినట్టు మోగితేనే ఒప్పుకునేవాడు. ఊళ్ళో ఆయన చుక్కకు పేరుంది. పోటీకి ఇంకెవరూ చుక్క కట్టేవాళ్ళు లేరన్న సంగతి పేరుకు అడ్డం రాలేదు.

ఆ ఏడాది మా మేనత్త గిద్దలూరులో కొత్తగా మిద్దె ఇల్లు కట్టుకుంది. వాళ్ళత్త బజారులో చుక్క కొందామంటే, "మా నాయన కట్టి తెస్తాడు" అని ఆపి, వీధి వీధంతా చెప్పుకుంది. మిద్దెమీద గెడ పాతించి, బల్బు వైరు కూడా వేలాడదీసింది. పండగ ముందురోజు చీకటి పడేసరికి పాటల గుంపు వస్తుంది, అప్పటికి గెడకు చుక్క ఉండాలి. లేకపోతే ఉత్త గెడ ఏడాదంతా వాళ్ళత్త నోట్లో ఉంటుంది.

అట్లా మేమంతా, ఒక కజ్జికాయల డబ్బా, అత్తకో రవికె గుడ్డ, జేజినాయన ఎత్తున్న చుక్కతో బండెక్కాం. బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగకూడదన్న మాట అప్పుడప్పుడే గట్టిగా వినపడుతోంది. తర్లుపాడు దాటాక జేజినాయన వాకిలి దగ్గర చుట్ట ముట్టించాడు. పక్కన నిలబడ్డ కాలేజీ అబ్బాయి దగ్గాడు.

"తాతా, ఇది పబ్లిక్ ప్లేసు. ఈడ తాగగూడదని రూలుంది."

"పబ్లిక్ అంటే ఎవురబ్బా?"

"మనమే తాతా."

"అంటే మనకు మనమే వద్దనుకున్నామా?"

"అంతే తాతా."

జేజినాయన "మంచిదే" అన్నాడు. చుట్ట నలిపి చెవిమీద పెట్టుకున్నాడు. రూలు పెట్టే అలవాటున్న మనిషి గదా, రూలంటే గౌరవం.

కంభంలో క్రాసింగని బండి ఆగింది. జేజినాయన దిగాడు. దిగుతూ నావైపు చూసి, "ఈ పిల్లోళ్ళ దగ్గర పెడితే చుక్క మిగలదు" అని దాన్ని కూడా దించుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద బోర్డుంది. గేటు దగ్గర ఇంకొకటి ఉంది. ఇంకెవరైనా అయితే బోర్డు కిందే నిలబడి ముట్టించేవాళ్ళు. ఆయన మాత్రం చుక్కను భుజానికెత్తుకుని, బోర్డు లేని చోటు కోసం స్టేషను దాటి, రోడ్డు కూడా దాటి, ఒక కంపచెట్టు దాకా పోయాడు. అక్కడికి చట్టం అయిపోయిందని నిర్ధారించుకుని అగ్గిపుల్ల గీశాడు. అప్పుడే ఎదురుబండి వెళ్ళిపోయి, మా బండి కదిలింది.

మా నాయన గొలుసు మీద చెయ్యి వేశాడు. "అన్నా, అది లాగినా రూలే" అన్నాడు కాలేజీ అబ్బాయి. నాయన చెయ్యి దించాడు. కిటికీలోంచి చూస్తే కంపచెట్టు కింద ఎర్రచుక్క, దాని పక్కన చిన్న పొగ. జ్ఞానులు చుక్క వెంబడి పోయినారని మాకు సండేస్కూల్లో చెప్పారు. మేము చుక్కను వదిలేసి పోయాం.

"పోనీలే, తోడుకు చుట్టన్నా ఉంది" అంది జేజి.

గిద్దలూరులో మా అత్త ముందు మమ్మల్ని లెక్కపెట్టింది, తర్వాత మా చేతుల వైపు చూసింది. విషయం విన్నాక వంటింట్లోకి పోయింది. సాయంత్రం దాకా గిన్నెల చప్పుడు మామూలుకంటే ఎక్కువగా వినిపించింది. వాళ్ళత్త మాత్రం ఇంటికి వచ్చినవాళ్ళందరినీ మిద్దెమీదికి తీసుకుపోయి ఇల్లు చూపించింది, గెడతో సహా.

పాటల గుంపు డోలక్ పక్కవీధిలో వినపడుతుండగా జేజినాయన వచ్చాడు. భుజాన చుక్క, దానికి నాలుగే కాళ్ళు. ఐదోది ఉంది గాని, కాగితం లేదు, నల్లబడిన బద్దలున్నాయి. జరిగిందేమిటంటే, ఆయన కంభంలో బస్సెక్కాడు. చుక్క లోపల పట్టదని కండక్టరు టాపు మీద కట్టించాడు. బస్సులో కూడా తాగకూడదు గాబట్టి, చుక్కను పైకెక్కించే ముందే ఆయన సగం చుట్టను నలిపి, చేతికి దొరికిన సందులో దోపాడు, చర్చి గోడకు దోపినట్టే. ఆ సందు, చుక్క కాలి కొసన రెండు బద్దలు కలిసే చోటు. చర్చి గోడ ఎక్కడికీ పోదు. బస్సు పోయింది, గాలి తగిలింది, చుట్ట మళ్ళీ రాజుకుంది. ఊరి మొగదలలో ఎవరో అరిస్తే బస్సాపి నీళ్ళు పోశారు.

"ఏందన్నా, చుక్కకు కాలు పోయినట్టుందే?" అంది అత్త వాళ్ళత్త.

జేజినాయన చుక్కను కిందికి దించాడు. రూల్సన్నీ పాటించిన మనిషి అట్లా తలవంచుకుని నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. అత్త బయటికొచ్చి చుక్కను అటూ ఇటూ తిప్పి చూసింది. లోపలికి పోయి, మేము తెచ్చిన రవికె గుడ్డ తెచ్చి, కాలిన కాలికి చుట్టి, పిన్నీసులు పెట్టింది.

"ఏమ్మే, కొత్త గుడ్డ గదా" అన్నాడు జేజినాయన.

"కుట్టించుకుంటే మాత్రం ఎవురు చూస్తారు నాయనా. ఎక్కించు."

బల్బు వేస్తే నాలుగు కాళ్ళు ఎర్రగా, ఐదోది ముదురు కుంకుమ రంగులో వెలిగాయి. పాటల గుంపు వచ్చింది, పాడింది. వాళ్ళలో ఒక్కరు కూడా తలెత్తలేదు, అందరి కళ్ళూ కజ్జికాయల పళ్ళెం మీదే ఉన్నాయి. పైకి చూసింది జేజినాయన ఒక్కడే, పాటలు అయ్యేదాకా, గేటు బయట నిలబడి.

ఆ రోజుతో ఆయన చుట్ట మానేశాడని రాస్తే బాగుండేది. గుంపు వీధి మలుపు తిరగగానే ముట్టించాడు. చివరికి ఆయన్ని తీసుకుపోయింది ఊపిరితిత్తుల జబ్బే కాబట్టి, బోర్డులు రాసినవాళ్ళది తప్పని నేను అనలేను. పలకరాళ్ళ గోడ తీసేసి సిమెంటుది కట్టారు. నున్నగా ఉంది, అగ్గిపుల్ల కూడా దూరదు. దూర్చే ముసలివాళ్ళూ లేరు.

గోడ అవతలి చుట్ట ఆరిపోయినట్టుంది. గిద్దలూరు బస్సు వచ్చింది. నా చంకలో అట్టపెట్టె, అందులో అత్త తెమ్మన్న చుక్క, ప్లాస్టిక్‌ది, ఐదు కాళ్ళూ ఉన్నాయి. పొద్దున ఫోనులో, "కాల్చకుండా తీసకరా రా" అంది. కాలదు. కాకపోతే వైరు మూరెడే ఉంది. మిద్దెమీదికి ఎక్స్‌టెన్షన్ బాక్సు కావాలి.