హాస్టలు గళ్ల నిక్కర్లు

కరోనా తగ్గి హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది, మే నెల చివర, వనపర్తిలో మా మహిళా సంఘం కుట్టు కేంద్రంలో నన్ను కటింగ్ పనికి పెట్టారు. నేను చదివింది మూడో తరగతి. కేంద్రంలో పది పాసైనవాళ్లు ఉన్నా కత్తెర నాకే ఇచ్చారు. నేను కోస్తే బట్ట మిగులుతుందని పేరు.

మొదటి పని ఒక పిల్లల హాస్టలుకు ఇరవై నాలుగు నిక్కర్లు. గడువు నాలుగు రోజులు. వార్డెన్ మేడం తెచ్చిన గళ్ల బట్ట ఆ దుకాణంలో చివరి తాను. పాడైతే అలాంటి బట్ట మళ్లీ దొరకదు, కత్తెర నా చేతిలో ఉండదు.

ఒక్కో నిక్కరుకు రెండు ముందు ముక్కలు, రెండు వెనక ముక్కలు. నడుం దగ్గర ఎలాస్టిక్ దూర్చే మడతను మేము నేఫా అంటాం. బట్టను తడిపి ఆరేసి, బల్ల మీద ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మడతలు వేస్తూ ఎనిమిది పొరలు పరిచాను. ముందు ముక్కలను నిలువుగా, వెనక ముక్కలను వాటి సందుల్లో తలకిందులుగా గీశాను. ఖాకీ బట్టకు నేనెప్పుడూ చేసే పద్ధతి అది. జానెడు బట్ట కలిసొస్తుంది.

గద్వాల మగ్గాల ఇంటి నుంచి వనపర్తికి కోడలిగా వచ్చిన పద్మ, మిషన్ మీద నుంచి లేచి వచ్చి చూసింది. "అక్కా, గీ గళ్లకు తల వేరే, కాళ్లు వేరే ఉన్నయి. జర సూడు" అంది.

"నువ్వు మిషన్ తొక్కు. కత్తెర సంగతి నాకు తెల్సు" అన్నాను.

అలాగే మొత్తం మూడుసార్లు పరిచి, అన్నీ కోసేశాను.

మొదటి నిక్కరు కుట్టి పద్మ నా ముందు పెట్టింది. ఆ గళ్లలో తెల్ల అడ్డగీతకు ఒక్క పక్కనే ఎర్ర గీత ఉంది. ముందు వైపు ఎరుపు తెలుపు కింద ఉంటే, వెనక వైపు పైన ఉంది. పక్క కుట్టు దగ్గర రెండూ కొట్టుకున్నట్టున్నాయి.

"ముందల సూస్తె మంచిగనే ఉన్నదక్కా. ఎనక సూస్తె పిల్లగాడు తలకిందులు నిలవడ్డట్టున్నది" అంది పద్మ.

కేంద్రంలో నాకంటే వయసులో పెద్దదైన యాదమ్మ ఊరుకోలేదు. "మస్తు బట్ట మిగిల్చినవ్ గదనే. గదాన్నే ఎనకకు అతికియ్యి" అంది. అందరూ నవ్వారు. మిగిలిన పేలికలతో ఒక్క నిక్కరు కూడా కాదు.

ఆ సాయంత్రం ఇంటికి పోకుండా బల్ల దగ్గరే కూర్చున్నాను. పద్మ కూడా మిషన్ దగ్గరే ఉండిపోయింది. పొరల వరస చెదరకుండా ముక్కలను కట్టలు కట్టే అలవాటు నాది. ఒక కట్ట విప్పి వెనక ముక్కలను ఒక్కొక్కటే పరిచి చూశాను. మొదటి పొరలో ఎరుపు పైన. రెండో పొరలో కింద. మూడో పొరలో మళ్లీ పైన. బట్టను మడిచి పరిచాను కాబట్టి పొర మారినప్పుడల్లా గీత తిరగబడింది. అంటే మొదటి పొర ముందు ముక్కలకు రెండో పొర వెనక ముక్కలు సరిపోవాలి. గీతలు అచ్చు వేసినవి కాదు, నేసినవి కాబట్టి రెండు వైపులా ఒకటే. తిప్పి కుట్టినా తేడా తెలియదు. పక్కపక్కన పెట్టాను. సరిపోయాయి.

"పద్మా, ఇటు రా" అని అరిచాను.

ఆమె వేలితో గీత వెంట తడిమి, "బతికినం అక్కా" అంది. అప్పటికి గాని నేను నీళ్లు తాగలేదు.

కుట్టిన ఒక్కటి విప్పి, అన్నిటినీ జత మార్చి కట్టాం. సగం నిక్కర్లలో ఎరుపు పైన, సగంలో కింద. పక్క కుట్టులో గీతలు కొన్నిచోట్ల అర వేలి వెడల్పు జరిగాయి. వార్డెన్ మేడం నేఫా లాగి చూసి, కుట్టు చూసి తీసుకుపోయింది. గీతల మాట ఎత్తలేదు.

ఇంట్లో ఒక్క నిక్కరు కుట్టుకునేవాళ్లకైనా నేను చెప్పేది ఇంతే. గళ్ల బట్టకు అర మీటరు ఎక్కువ కొనండి. ప్రతి ముక్క మీద పై వైపు బాణం గుర్తు గీయండి. ముక్కలన్నీ ఒకే దిక్కుకు పెట్టండి. పొదుపు గీతల్లేని ఖాకీ మీద చేసుకోవచ్చు. ఆ పని తర్వాత గళ్ల బట్ట వచ్చినప్పుడల్లా పద్మను బల్ల దగ్గరికి పిలిచి, ఆమె సరే అన్నాకే కోశాను.