పొత్తిగుడ్డల పగ

ఏళ్ల తరబడి ఉతికి, ఎండలో ఆరేసి, మడతపెట్టి దాచిన నూలు గుడ్డకి ఒక వాసన ఉంటుంది. కొంచెం సాంబ్రాణి, కొంచెం ఆముదం, ఎండిన వేపాకు, వాటన్నిటి అడుగున ఎక్కడో పసిపిల్లల నెత్తి మీద ఉండే పాల వాసన. పోయిన బుధవారం మంగళగిరిలో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని ఆ మూట విప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. ముందు రోజే సత్తెనపల్లి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త రత్తమ్మ మనవరాలు హారికకి నెలలు నిండాయట. కిందటేడు ఆ పిల్లకి ఒక కాన్పు పోయింది కాబట్టి ఈసారి పుట్టబోయే బిడ్డకి మా ఇంటి పాత బట్టలు తొడగాలని అత్త పట్టుబట్టిందట, అడగడానికి శుక్రవారం తనే స్వయంగా వస్తోందట. ఫోను పెట్టేశాక వంటింట్లో నిలబడి నాలో నేను నవ్వుకున్నాను. ఆవిడ ఈ మూట అడిగే రోజు కోసం నేను పరికిణీలు కట్టుకునే వయసు నుంచీ కాచుకుని ఉన్నాను, ఇవ్వనని చెప్పడానికి.

ఇదంతా మీకు అర్థం కావాలంటే మా ఊళ్ళో పురుడు రాబోయే ఇంట్లో ఏం కొనొచ్చో, ఏం కొనకూడదో చెప్పాలి. తల్లి కోసం ఎంతైనా కొనొచ్చు. బాలింతకి పెట్టే కాయానికి పాత బెల్లం, శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, గంపెడు వెల్లుల్లి, గానుగ దగ్గర కళ్ళ ముందు ఆడించిన నువ్వులనూనె, పసుపుకొమ్ములు, అన్నీ నెల ముందే వచ్చి వసారాలో ఉట్ల మీదా, జాడీల్లోనూ సర్దుకునేవి. బిడ్డ కోసం మాత్రం సూదిలో దూర్చే దారప్పోగు కూడా కొనకూడదు. ఇంకా పుట్టని ప్రాణానికి కొత్త గుడ్డ తెచ్చిపెట్టడమంటే మా నాయనమ్మ దృష్టిలో గాల్లో తిరిగే ప్రతి చెడ్డ చూపునీ పిలిచి పీట వెయ్యడమే. ఉయ్యాల కొనరు, అమ్మ పాత చీర దూలానికి వేస్తారు. పక్క కొనరు, మెత్తబడిన పంచెలు చింపి పొత్తిగుడ్డలు చేస్తారు. తొడగడానికి చొక్కాలు కావాలంటే, పిల్లలు నిలిచి చల్లగా ఉన్న ఇంటికి వెళ్ళి, తాంబూలం పెట్టి, వాళ్ళ పిల్లల పాతవి అడిగి తెచ్చుకోవాలి. ఎంతటి ఆసామి భార్యయినా అడిగే తీరాలి, అడిగితే ఎంత గయ్యాళిదైనా ఇచ్చే తీరాలి. పని అయ్యాక ఉతికి, తమ బిడ్డదొకటి కలిపి తిరిగి పంపించేవాళ్ళు. అలా ఒక చొక్కా ఊళ్ళో సగం ఇళ్ళు తిరిగి, ఎవరి ఇంట్లో కుట్టిందో ఎవరికీ గుర్తులేని స్థితికి వచ్చేది.

మా నాయనమ్మకి మధ్యాహ్నం నిద్ర ఉండేది కాదు. వసారాలో కాళ్ళు బారజాపుకుని, నోట్లో పొగాకు దవడన పెట్టుకుని, పంచెలు చింపుతూ ఉండేది. చిర్రున గుడ్డ చిరిగే ఆ చప్పుడంటే నాకు ఎంత ఇష్టమో. ముందుగదిలో పత్తి కప్పు దాకా పోసి ఉండేది, పెద్దవాళ్ళు చూడకుండా మేము గడప మీంచి ఎగిరి ఆ తెల్లటి కుప్పలోకి దూకి, మెడ దాకా కూరుకుపోయి, జుట్టంతా దూదితో బయటికి వచ్చి తన్నులు తినేవాళ్ళం. పత్తి అమ్ముడుపోయేసరికి మిరపకాయ కోతలు. ఊరి చుట్టూ కల్లాల్లో ఎర్రటి కాయలు ఆరబోసి ఉంటే, గాలి ఇటు తిరిగిందంటే బళ్ళో పంతులుగారితో సహా అందరం తుమ్ముతూనే ఎక్కాలు చదివేవాళ్ళం. కోతల రోజుల్లో తాటాకు పందిరి కింద కొత్తకారం, నువ్వులనూనె కలిపిన వేడన్నం ఎవరి కల్లంలోకి వెళ్ళినా ముద్ద పెట్టేవాళ్ళు. ఉగాదికి బొబ్బట్లు వత్తుతుంటే అరిటాకు మీద నెయ్యి కారి మోచేతి దాకా వచ్చేది, దాన్ని నాకడం గురించి అన్నదమ్ముల పిల్లలందరికీ పోటీ.

అలాంటి కోతల కాలంలోనే అమ్మకి మళ్ళీ నెలలు నిండాయి. మళ్ళీ అని ఎందుకన్నానంటే, నాకూ ఈ బిడ్డకీ మధ్యలో ఒక మగబిడ్డ పుట్టి మూడో నెల నిండకుండానే పోయాడు. వానాకాలంలో జ్వరం వచ్చింది, వాగు పొంగింది, సత్తెనపల్లి డాక్టరు దగ్గరికి బండి వెళ్ళలేదు. జరిగింది ఇంతే. కానీ ఆ బిడ్డ పుట్టకముందు మా నాన్న గుంటూరులో మిరపకాయలు అమ్మి వస్తూ, ఆనందం పట్టలేక, ఎర్ర వెల్వెట్ టోపీ ఒకటి కొనుక్కొచ్చాడు. బిడ్డ పోయాక ఇంట్లో జ్వరం మాట, వాగు మాట ఎవరూ ఎత్తలేదు. టోపీ మాటే ఎత్తారు. నాన్న మీద కాదు సుమా, అమ్మ మీద, అది లోపలికి రానిచ్చి పెట్టెలో పెట్టుకున్నందుకు. అమ్మ కూడా ఆ మాటే నమ్మింది. అందుకే ఈసారి ఇంట్లోకి కొత్త రుమాలు రావడానికి కూడా భయపడి, నాయనమ్మ ఎప్పుడు చెబుతుందా, ఎవరింటికి వెళ్ళి అడగాలా అని రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంది.

నాయనమ్మ తన కూతురి దగ్గరికే వెళ్ళమంది. రత్తమ్మత్త మా నాన్నకి అక్క. పెళ్ళిచేసి ఊళ్ళోనే ఇచ్చారు. మంచి పొలం, ముగ్గురు మగపిల్లలు, ముగ్గురూ దున్నల్లా ఉండేవాళ్ళు. వాళ్ళ చిన్నప్పటి బట్టలన్నీ అత్త ట్రంకు పెట్టెలో వేపాకు వేసి దాచిందని ఊరంతా తెలుసు, ఎందుకంటే ఊరంతటికీ ఆవిడే చెప్పుకునేది. అమ్మ తలంటుకుని, ఇత్తడి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, బెల్లం, పసుపుకుంకుమ పెట్టుకుని, కొంగు కప్పుకుని బయల్దేరింది. నేను పక్కన నడిచాను. అత్త ఇంట్లో లేదు, కల్లంలో ఉంది. కూలివాళ్ళు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతుంటే మధ్యలో నవారు మంచం వేసుకుని కూర్చుంది. అమ్మ ఆ ఎండలో, ఆ ఘాటులో, నిండు కడుపుతో నిలబడి, పళ్ళెం ముందుకు పెట్టి, "వదినా, పిల్లల పాతవి రెండు ఇప్పించండి" అని అడిగింది.

అత్త పళ్ళెం అందుకోలేదు. కూలివాళ్ళ చేతులు ఆగేదాకా ఆగి అంది: "నీ కడుపున పుట్టింది నిలవదని ఊరంతా తెలుసు సుశీలా. నా పిల్లల గుడ్డలు నీ చేతిలో పెట్టి, ఆ గాలి నా ఇంటి మీదకి తెచ్చుకోమంటావా?"

నేను అక్కడే నిలబడి ఉన్నాను. అమ్మ కడుపున పుట్టి, నిలిచి, రెండు జడలు వేసుకుని, అత్త కళ్ళ ముందు నిక్షేపంగా నిలబడి ఉన్నాను. ఆడపిల్లని కాబట్టి ఆవిడ లెక్కలోకి రాలేదు. అమ్మ పళ్ళెం మీద కొంగు కప్పుకుని వెనక్కి తిరిగింది. దారిలో ఏడ్చిందో లేదో నాకు తెలియదు, కల్లాల పక్కన నడిచేవాళ్ళ కళ్ళు ఎలాగూ కారుతూనే ఉంటాయి. ఇంటికొచ్చి పళ్ళెం నాయనమ్మ ముందు పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. ఒకచోట కాదనిపించుకున్నాక ఇంకో గడప ఎక్కకూడదని మరో నియమం. కొత్తవి కొనకూడదు, పాతవి అడగకూడదు. పుట్టబోయే నా తమ్ముడికి ఈ లోకంలో తొడుక్కోవడానికి గుడ్డముక్క లేకుండా పోయింది. నాయనమ్మ ఆ రోజు పంచె చింపలేదు, దవడన పొగాకు కూడా పెట్టుకోలేదు.

కల్లంలో మాట ఊళ్ళోకి రావడానికి పూట పట్టదు. మర్నాడు పొద్దున్నే పెరటి గుమ్మంలోకి మస్తానమ్మ వచ్చింది. వాళ్ళు దూదేకులవాళ్ళు. ఆమె భర్త భుజాన దూది ఏకే విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు, ఆయన కనుబొమల మీద ఎప్పుడూ దూది పింజలు ఉండేవి. మా ఇంట్లో ఆమెకి మంచినీళ్ళ గ్లాసు విడిగా ఉండేది, అది బావి గట్టు మీదే ఉండేది. అలాంటి మనిషి ఒక మూట గుమ్మంలో పెట్టి, "మా అయిదుగురూ రాళ్ళల్లే ఉన్నారు పెద్దమ్మా. మా గుడ్డలు పనికొస్తాయనుకుంటే ఉంచుకోండి" అంది. అడక్కుండా వచ్చినదానికి నియమం అడ్డం రాదు. నాయనమ్మ లేచి వెళ్ళి, ఆ మూట రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. మస్తానమ్మకి వసారాలో పీట వేసి, మా గ్లాసులోనే మజ్జిగ ఇచ్చింది.

ఉగాది వెళ్ళాక తమ్ముడు పుట్టాడు. మస్తానమ్మ చిన్నకొడుకు చొక్కా తొడుక్కుని, దాని చేతులు పొడుగై వేళ్ళు కనిపించకుండా, గుక్కపట్టి ఏడ్చాడు. నిలిచాడు. ఇప్పుడు వాడికి నెత్తి మీద జుట్టు లేదు, పొట్ట ఉంది, వాడికే ఇద్దరు పిల్లలు. ఆ మూట వాడి తర్వాత ఎన్ని ఇళ్ళకి వెళ్ళొచ్చిందో చెప్పలేను. నా పిల్లలిద్దరూ అవే తొడుక్కున్నారు. మా వాచ్‌మన్ కూతురి కొడుకూ అవే తొడుక్కున్నాడు. అమ్మ పోయేముందు ఆ మూట నా చేతిలో పెట్టి, ఎవరడిగినా కాదనకు, ఆ ఒక్క గడపకి మాత్రం, అని ఆగిపోయింది. ఆ మాట అమ్మ పూర్తి చెయ్యలేదు. నేను పూర్తి చేసుకున్నాను.

రత్తమ్మత్తని నేను ఒక్కరోజు కూడా క్షమించలేదు. ఆవిడ పెట్టిన బొబ్బట్టు నేను తినలేదు, కుక్కకి వేశాను. ఆవిడ ముందుపళ్ళు ఊడినప్పుడు సంతోషించాను. వాళ్ళ మిరపచేలకి బొబ్బర తెగులు వచ్చిన ఏడాది మా చేలకీ వచ్చింది, అయినా సంతోషించాను. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే కాళ్ళకి దండం పెట్టేదాన్ని, వంగినప్పుడు మనసులో ఏమనుకునేదాన్నో ఇక్కడ రాయను. పెద్దదైపోయింది, పాపం, వదిలెయ్యి అంటాడు తమ్ముడు. వాడు ఆ రోజు కల్లంలో లేడు, కడుపులో ఉన్నాడు.

శుక్రవారం వచ్చింది. హారిక మొగుడు కారులో తీసుకొచ్చి, పైకి పంపి, తను కిందే ఉండిపోయాడు. అత్త బాగా వంగిపోయింది, కంటికి ఆపరేషను అయింది, చెవులు సరిగ్గా వినపడవు. సోఫాలో అంచున కూర్చుని, ప్లాస్టిక్ సంచిలోంచి తమలపాకులు, బెల్లం, జాకెట్టు ముక్క తీసి బల్ల మీద వరసగా పెట్టింది. పద్ధతి ఏమీ మర్చిపోలేదు. మా ఇంట్లో పిల్లలు నిలిచారని, చల్లగా ఉన్నారని, హారిక బిడ్డకి ఓ రెండు చొక్కాలు ఇవ్వమని అడిగింది. నాకు కడుపు నిండినట్టయింది. మా అమ్మ కూడా ఇలాగే అడిగింది, గుర్తుందా అత్తా అన్నాను, చెవి దగ్గరికి వంగి.

"గుర్తు లేకేం అమ్మాయ్. మీ తమ్ముడికి తొడిగింది నా పిల్లల గుడ్డలేగా. ట్రంకు పెట్టె తీసి నేనే ఇచ్చా. ఆ చలవేగా వాడు" అంది.

నటన కాదు. ఆవిడ మొహంలో కపటం లేదు. ఇన్నేళ్ళూ అలాగే నమ్ముకుంటూ, ఎంతమందికి చెప్పుకుందో. నాకు ఒళ్ళు మండిపోయింది. కల్లం, మంచం, పళ్ళెం, కూలివాళ్ళు, తనన్న మాట, మస్తానమ్మ, అన్నీ ఒక్కొక్కటి విడమరిచి, వినపడేలా గట్టిగా చెప్పాను. పక్క ఫ్లాటు వాళ్ళు తలుపు తీసినట్టున్నారు కూడా. అత్త తల ఊపుతూ విన్నది, ఎవరిదో కథ విన్నట్టు.

"నేనట్టా అంటానా" అంది చివరికి. తర్వాత, "సర్లే, ఇస్తావా మరి?"

"ఇవ్వనత్తా" అన్నాను.

అత్త నా మొహంలోకి చూసింది. తమలపాకులు తీసుకోవాలో వదిలెయ్యాలో తెలియనట్టు చెయ్యి బల్ల మీద అటూ ఇటూ ఆడింది, చివరికి తీసుకుని సంచిలో వేసుకుంది. కాఫీ తాగమన్నాను, వద్దంది. లిఫ్టు దాకా తోడు వెళ్ళలేదు నేను. బాల్కనీలోంచి చూశాను. కారు తలుపు పట్టుకుని ఎక్కకుండా చాలాసేపు నిలబడింది. ఎక్కడో పైనున్న మా అమ్మ కూడా చూస్తే బాగుండునని అనుకున్నాను. అబద్ధం దేనికి, హాయిగా ఉంది. ఆ పూట వంకాయ కూరతో రెండుసార్లు అన్నం కలుపుకుని తిన్నాను.

మర్నాడు పొద్దున హారిక ఫోను చేసింది. తిట్టడానికేమో అనుకుని, నేనూ సిద్ధపడి ఎత్తాను.

"థాంక్స్ పిన్నీ. పాత బట్టలు వద్దని మా నాయనమ్మకి ఎలా చెప్పాలో తెలీక చచ్చిపోతున్నాను. మీరే కాదన్నారంట కదా" అంది.

ఇన్‌ఫెక్షను వస్తుందని వాళ్ళ డాక్టరమ్మ పాతవి వెయ్యొద్దందట. ఉయ్యాల, పరుపు, దోమతెర, డైపర్లు, చొక్కాలు, పుట్టాక కావలసినవి, ఏడాది నిండాక కావలసినవి కూడా నెల ముందే కొనేశారట. అల్మరా ఫోటో పంపింది. అన్నీ కొత్తవి, ధర రాసిన అట్టముక్కలు కూడా తియ్యలేదు. నన్ను అర్థం చేసుకున్నది మీరొక్కరే పిన్నీ అంది. జాగ్రత్తమ్మా అన్నాను. మీ నాయనమ్మ ఎలా ఉందని అడిగితే, రాత్రి అన్నం తినలేదు, గది తలుపేసుకుంది, అని చెప్పి, పాతకాలం మనిషి కదా పిన్నీ అని నవ్వింది.

మా అమ్మాయిని అడిగాను, నీకు రేపు కావాలా ఇవి అని. మొహం చిట్లించింది. తమ్ముడి కోడలు బెంగళూరులో ఉంది, ఆ పిల్ల అడగదు. మా ఊళ్ళో ఇప్పుడు పత్తి ఇళ్ళలో పొయ్యరు, చేలోంచి అటే మిల్లుకి పోతుంది. మస్తానమ్మ పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. మూట మళ్ళీ విప్పి, ఒక్కొక్క చొక్కా ఎండలో వేశాను. ఇవి తాంబూలం పెట్టి అడిగి తీసుకోవలసినంత విలువైనవని తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కతే మిగిలింది, ఆవిణ్ణి నేను ఉత్త చేతులతో పంపించాను.