సినిమా పేరు కోసం వదిలిన ఖాళీ

ఎండకు కాగిన డాబా మీద సాయంత్రం బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తే సిమెంటులోంచి వేడి ఆవిరి లేచి, తడి మట్టి వాసనకూ సున్నం వాసనకూ నడుమ ఉండే వాసన ఒకటి కాసేపు ముక్కును పట్టుకుంటుంది. మొన్న వేసవిలో కోదాడలో మా ఇంటి డాబా మీద నా కూతురు వెన్నెల అలా నీళ్లు చల్లింది. ఎక్కడో వీడియోలో చూసిందట, ఊరి బయట పెద్ద తెర కట్టి, బండ్లలోనే కూర్చుని జనం పాత దయ్యాల సినిమాలు చూస్తున్నారట. "నువ్వు చెప్తుంటావు గదమ్మా డేరా టాకీసు, అది మనింట్లోనే పెడదాం" అని చిన్న ప్రొజెక్టరు తెప్పించింది, చాపలు పరిచింది, మిరపకాయ బజ్జీలకు పిండి కలపమని నా చేతికి గిన్నె ఇచ్చింది. తెరకు తెల్ల పంచె కావాలని వారం ముందే నా ట్రంకుపెట్టె తెరిచి, మా నాయిన పంచె కింద ఉన్న క్యాసెట్‌ను బయటికి తీసింది. "ఇదేందమ్మా?" అని అడిగితే, పాడైపోయింది, పక్కన పెట్టు అన్నాను. అది దానంతటది పాడు కాలేదు. పాడు చేసింది నేనే, ఆ సంగతి అప్పటిదాకా మా అమ్మకు కూడా తెలియదు.

మా నాయినను సూర్యాపేటలో మైకు లింగయ్య అనేవారు. ఊరి చివర కోతలైపోయిన పొలంలో డేరా టాకీసు వేసేవాళ్లు. కొన్ని నెలలు మా దగ్గర, కొన్ని నెలలు తుంగతుర్తిలో, తర్వాత మఠంపల్లి వైపు, ఇలా తిరిగే ఆ డేరాకు మా నాయిన గొంతే పోస్టరు. సైకిల్ రిక్షాకు రెండు పక్కలా బొమ్మలు కట్టి, పైన మైకు బిగించి, సీటు కింద బ్యాటరీ పెట్టుకుని పొద్దున తొమ్మిదికి బయలుదేరితే మధ్యాహ్నం అన్నం వేళకు ఊరు మొత్తం చుట్టి వచ్చేవాడు. పాము పగబట్టే సినిమాలు, ముసుగు దొంగలు గుర్రాల మీద వచ్చే సినిమాలు, పెదవులు ఒక మాట చెప్తే గొంతు ఇంకో మాట చెప్పే డబ్బింగు కత్తియుద్ధాలు, పెద్ద టాకీసుల్లో ఆడి ఆడి గీతలు పడి చివరికి మా డేరాకు చేరినవన్నీ ఆయన నోట కొత్తవైపోయేవి. ఇంట్లో "జర", "గట్ల" తప్ప మాట్లాడని మనిషి మైకు పట్టుకోగానే "కళాభిమానులారా, సకుటుంబంగా తరలిరండి" అని పుస్తకాల భాషలోకి వెళ్లిపోయేవాడు. మా వీధి మలుపులో రిక్షా తిరిగేటప్పుడు నేనూ తమ్ముడు సైదులూ అరుగు మీద నిలబడేవాళ్లం. ఆయన మమ్మల్ని చూసీ చూడనట్టు ముఖం పెట్టి, ఆ ఒక్క చోట మాత్రం గొంతు ఇంకొంచెం పెంచేవాడు.

సాయంత్రం మొదటి ఆటకు ముందు డేరాలో ఇసుక మీద నీళ్లు చల్లేవారు, అప్పుడూ ఇదే వాసన. ఆ తడి ఇసుకను కుప్ప చేసుకుని దాని మీద కూర్చుంటే ముందువాళ్ల తలలు అడ్డం రావని మాకు ధీమా, మా వెనకవాళ్ల తిట్లు మాకు లెక్కలేదు. వెనక వైపు డేరా గుడ్డ చుట్టి పైకి కట్టి, అక్కడ బండ్లకు జాగా వదిలేవారు. వడ్ల కాలంలో మిర్యాలగూడ రైసు మిల్లుల్లో లోడు దించి వచ్చే ట్రాక్టర్లు వెనక్కి తిరిగి వరుసగా నిలబడేవి. ట్రాలీలో పరిచిన గడ్డి మీద ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, ఇంజను మూత మీద మగపిల్లలు, అందరూ బండి దిగకుండానే సినిమా చూసేవాళ్లు. బీడీ పొగ, వేయించిన పల్లీల వాసన, బొగ్గుపుల్లల వెలుగుతో నడిచే ప్రొజెక్టరు నుంచి వచ్చే కాలిన వాసన, వాటన్నిటి మీదా గడ్డి వాసన. దయ్యం కనపడగానే ట్రాలీల్లో చంటిపిల్లలు ఏడుపు అందుకునేవాళ్లు, ఎవరో ఒకరు తెర వైపు చెప్పు విసిరేవాడు.

అసలు సినిమా మాత్రం మా ఇంట్లో ఆడేది, ఎర్రటి మధ్యాహ్నం పూట. రీలు తెగినప్పుడు ఆపరేటరు కత్తిరించి పారేసిన ముక్కలను నాయిన చొక్కా జేబులో వేసుకొచ్చేవాడు. మాడిపోయిన బల్బు అడుగు జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగ తీసేసి, నీళ్లు నింపి, మూతికి మైనం పెట్టి దారంతో వేలాడదీసేవాడు. గది తలుపులు మూసి, సందులకు గోనెపట్టాలు కట్టి, తలుపుకున్న చిల్లు దగ్గర ఫిలిం ముక్కను తలకిందులుగా పెట్టేవాళ్లం. బయట ఎండలో సైదులు అద్దం పట్టుకుని ఆ చిల్లులోకి వెలుగు కొడితే, నీళ్ల బల్బు దాటి వచ్చి ఎదురుగోడ మీది పంచెపై బొమ్మ పడేది. కదలని బొమ్మే. కానీ నాయిన గోడకు ఆనుకుని కూర్చుని దానికి కథ చెప్పేవాడు. హీరోయిన్ ఏడుపు, దొంగల నాయకుడి నవ్వు, కొబ్బరిచిప్పలతో గుర్రపు డెక్కల చప్పుడు అన్నీ ఆయనే. చూసేది నేను, నాయనమ్మ, వాకిట్లో పనులు ఆపుకుని వచ్చిన మా అమ్మ సైదమ్మ. డేరాలో కంటే ఇక్కడే ఎక్కువ భయపడేవాళ్లం.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆయన గొంతు బొంగురుపోయింది. మొదట జలుబు అన్నారు, తర్వాత బీడీలు అన్నారు, మిరియాల కషాయం అన్నారు. చివరికి ఖమ్మం డాక్టరు హైదరాబాదు పెద్ద దవాఖానకు రాసిచ్చాడు. గొంతుపెట్టె తీసెయ్యాలని అక్కడ చెప్పారు. మనిషి బతకొచ్చు, మాట మాత్రం ఉండదు. ఆ మాట విని వచ్చిన రోజు నాయిన అన్నం తినలేదు. మర్నాడు మాత్రం డేరా వాళ్ల టేపురికార్డరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త క్యాసెట్ దొరకలేదు, పాటల క్యాసెట్ తీసుకున్నాడు. కొనే పాటల క్యాసెట్లకు వీపున ఒక చిన్న గుంట ఉండేది, అది తెరిచి ఉంటే రికార్డు మీట దిగదు, పాటలు చెరిగిపోవు. నాయిన సినిమా టికెట్టు ముక్కను మడిచి ఆ గుంటలో కుక్కాడు. మీట దిగింది.

"మైకుల ఇగ గిదే మాట్లాడుతది" అన్నాడు నాతో. "సినిమా పేరు వారం వారం మారుతుంటది బిడ్డా. పేరు వచ్చే జాగల నేను ఊకుంట. గాడ ఎవలో ఒకలు పేరు చెప్తరు. మిగిలిందంత నేనే."

బొంగురు గొంతునే సాగదీసి, ఆగి ఆగి, మళ్లీ అందుకుంటూ టేపు ఒక వైపు అయిపోయేదాకా చెప్పాడు. "నేడే చూడండి" అనేవాడు. తర్వాత మూడు ఊపిర్లు తీసేంత ఖాళీ. "మీ డేరా టాకీసులో, రోజూ రెండు ఆటలు, ఆడవారికి విడిగా జాగా కలదు, మరువకండి" అని ముగించి, మళ్లీ మొదటినుంచి. వాకిట్లో కోళ్లు అరవకుండా నాయనమ్మ వాటిని గంప కింద మూసింది. అమ్మ గడపలో కూర్చుని మొత్తం విన్నది. చెప్పడం అయ్యాక ఆయన టేపును మొదటికి తిప్పిపెట్టాడు. పొద్దుటి బస్సుకు అమ్మా నాయినా హైదరాబాదు పోయారు. ఆ తొందరలో టికెట్టు ముక్క తియ్యడం మరిచాడు.

వాళ్లు పోయిన మూడో వారంలో, నాయిన వచ్చేసరికి ఆయనకో కానుక తయారు చెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. ఇక ఆయన కథ చెప్పలేడు కదా, నేనే చెప్పి టేపులో ఎక్కిస్తే, మధ్యాహ్నాలు ఆయన బొమ్మలు చూస్తూ వినొచ్చు. నోటుబుక్కులో రాసిన పేజీ తర్వాతి పేజీలో రాసినట్టు, ఆయన గొంతు తర్వాత నా గొంతు వచ్చి చేరుతుందని అనుకున్నాను. గోనెపట్టాలు కట్టి, బల్బు వేలాడదీసి, ఆయన నొక్కినట్టే ఎర్రమీటను, పక్కమీటను కలిపి నొక్కాను. సైదులు అద్దం పట్టాడు. దయ్యం, దొంగలు, గుర్రాలు, నాకు వచ్చినవన్నీ చెప్పాను. కొబ్బరిచిప్పలు కూడా కొట్టాను. అంత సంతోషంగా నేను ఎన్నడూ ఆడుకోలేదు. పంచె మీద బొమ్మ ఉన్నట్టుండి ఆరిపోయింది.

"అక్కా, మబ్బు వట్టింది" అని బయటినుంచి అరిచాడు సైదులు. మీట ఎత్తేశాను.

వెనక్కి తిప్పి విన్నాము. మొదటినుంచీ నా గొంతే. నవ్వుకుంటూ చివరిదాకా విన్నాము. నా గొంతు ఆగిన చోట చిన్న ఖాళీ, ఆ వెనకే నాయిన, "మీ డేరా టాకీసులో, రోజూ రెండు ఆటలు, ఆడవారికి విడిగా జాగా కలదు, మరువకండి." తర్వాత దగ్గు. ఆ తర్వాత మైకు భాషలో కాకుండా మామూలుగా, "సైదమ్మా, జర నీళ్లియ్యి." టేపు అయిపోయి మీట టక్కున లేచింది. సైదులు ఇంకా నవ్వుతున్నాడు, ఏం చెరిగిపోయిందో వాడికి తెలియలేదు. రెండో వైపు వేస్తే పాటలు. మళ్లీ మొదటి వైపు. మబ్బు ఇంకో నిమిషం ఆలస్యంగా వచ్చి ఉంటే అది కూడా మిగిలేది కాదు.

నాయిన మెడకు తెల్లగుడ్డ చుట్టుకుని వచ్చాడు. గుడ్డ కింద చిల్లు, ఊపిరి తీస్తే అక్కడ చిన్న ఈల. నా పలకే ఆయన నోరు అయింది. గడప దాటగానే పలక మీద మొదట రాసిన మాట "క్యాసెట్". టేపురికార్డరు వైపు వేలు చూపించాను. అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఆ రాత్రి చెప్పొచ్చు, మర్నాడు బడికి పోయేముందు చెప్పొచ్చు. రేపు చెప్దాం అనుకుంటూ పలక తుడిచి ఇస్తూ ఉన్నాను.

మర్నాడు సాయంత్రం టేపురికార్డరు నా నెత్తిన పెట్టి డేరాకు తీసుకుపోయాడు. మేనేజరు కోదాడ వైపు మనిషి, మంచివాడే, కుర్చీ వేయించాడు. "కూర్చో లింగయ్యా. మాట పోతే పోయింది, మనిషివి దక్కావు. క్యాసెట్ పెట్టు, విందాం" అన్నాడు. ఇసుక మీద నీళ్లు చల్లుతున్నవాళ్లు కూడా ఆగి దగ్గరికి వచ్చారు. నాయిన మీట నొక్కాడు.

"అగో, దయ్యం వస్తంది, చెట్టెనక నిలవడ్డది" అన్నాను నేను, పెట్టెలోంచి.

అందరూ నవ్వారు. మేనేజరు కూడా నవ్వి, నాయిన ముఖం చూసి ఆపేశాడు. నాయిన టేపును కొంత ముందుకు తిప్పి విన్నాడు, ఇంకొంత తిప్పి విన్నాడు, ఖాళీ కుండల్లో గింజలకు వెతికినట్టు. ఎక్కడ ఆపినా నేనే. చివర ఆయన గొంతు వచ్చింది, దగ్గు వచ్చింది, నీళ్లు అడగడం వచ్చింది, మీట లేచింది. ఎవరూ నవ్వలేదు. "ఇదేంటమ్మా?" అని మేనేజరు నన్ను అడిగాడు. నేను ఏడుపు మొదలుపెట్టేలోపే నాయిన క్యాసెట్ బయటికి తీసి, గుంటలోని టికెట్టు ముక్కను వేలితో తడిమి చూసుకుని, పలక అందుకున్నాడు. "కాగితం తియ్యలే. తప్పు నాది" అని రాసి మేనేజరుకు చూపించాడు. అది అరచేత్తో తుడిచి, మళ్లీ రాసి నాకు మాత్రమే చూపించాడు. "ఇంట్ల చెప్పకు."

అమ్మకు ఆయన రాసి చూపించింది వేరే. టేపు సరిగ్గ ఎక్కలే. ఆయన నన్ను కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. వారంలోపే ఇంకొక గొంతు రిక్షా ఎక్కింది. నాయినను గేటు దగ్గర టికెట్లు చింపడానికి పెట్టారు. "ఏం సినిమా మామా?" అని ఎవరైనా అడిగితే బొమ్మ వైపు వేలు చూపించేవాడు. మా వీధి మలుపులో కొత్త గొంతు వినపడితే లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. గోనెపట్టాలు మళ్లీ ఎవరం కట్టలేదు. పుండు తిరగబెట్టి, ఆ వానాకాలం వెళ్లకముందే పోయాడు. పన్నెండేళ్లు సూర్యాపేట గల్లీగల్లీలో వినపడిన గొంతులో ఆ కాస్త తప్ప ఏమీ మిగలలేదు. నేను టీచరునయ్యాను, రోజంతా మాట్లాడతాను, కానీ జెండా పండుగనాడు మైకు చేతికిస్తే పక్కవాళ్లకు ఇచ్చేస్తాను.

తొంభైలలో ఇంటింటికీ టీవీలు వచ్చాక డేరా చివరిసారి తుంగతుర్తిలో వేశారని, ఆ తర్వాత గుడ్డలు కళ్లాల్లో వడ్ల మీద కప్పడానికి అమ్ముడుపోయాయని విన్నాను. సూర్యాపేటలో డేరా వేసిన పొలంలో ఇప్పుడు ఫంక్షన్‌హాలు ఉంది. మొన్న మా డాబా మీద వెన్నెల పంచె కట్టింది, చాపలు నిండాయి, పక్కింటివాళ్లు వచ్చారు, అమ్మ తన ప్లాస్టిక్ కుర్చీలో, పక్కన నీళ్ల చెంబుతో కూర్చుంది. పొద్దు గుంకింది. "సినిమా ముందర ఒకటుంది అమ్మమ్మా" అంది వెన్నెల. పాత రేడియోలు బాగుచేసే అతని దగ్గరికి క్యాసెట్ తీసుకుపోయి, దాని చివర తాత గొంతున్న ముక్క ఫోనులోకి ఎక్కించుకొచ్చిందట. నేను లేచి ఆపేలోపే స్పీకర్లలోంచి వచ్చింది.

మీ డేరా టాకీసులో, రోజూ రెండు ఆటలు, ఆడవారికి విడిగా జాగా కలదు, మరువకండి. దగ్గు. సైదమ్మా, జర నీళ్లియ్యి.

అమ్మ చెయ్యి చెంబు మీదికి పోయింది. చెంబు ఎత్తి, ఎవరికివ్వాలో తెలియక అటూ ఇటూ చూసి, ఒళ్లో పెట్టుకుంది.

"గంతేనా?" అంది. "టేపు అయిపోయెదాంక చెప్పిండు గద ఆ పొద్దు. నేను గడపల గూసొని ఇన్న. ఎక్కలే అని రాసిండు మల్ల."

"ఎక్కింది అమ్మా. మొత్తం ఎక్కింది. నేనే చెరిపిన" అన్నాను. అందరి ముందే చెప్పాను, ఆట ఆడటం, ఎర్రమీట, మబ్బు, పలక మీది మాటలు అన్నీ. నా బిడ్డ నోరు తెరుచుకుని చూస్తోంది. అమ్మ నా వైపు చూడలేదు. తెల్లగా వెలుగుతున్న పంచెనే చూస్తూ, చెంబు గట్టిగా పట్టుకుని, వెన్నెలతో అంది.

"మల్ల బెట్టు."

వెన్నెల మళ్లీ పెట్టింది. ఆ తర్వాత ఇంకోసారి. పక్కింటివాళ్లు ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. ఆ సాయంత్రం మా డాబా మీద సినిమా ఆడలేదు.