నేల కిందికి దారి చూపిన రఫీ

రఫీ ఇక లేడన్న దుర్వార్త గత వారం పెద్దపల్లి నుంచి వచ్చింది. బస్సు కోసం నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. దిగ్భ్రాంతితో నా నోట వచ్చింది ఒకటే మాట: "నాకంటే చిన్నోడు గదా!" దివంగతుల గుణగణాలను కీర్తించడం సంస్మరణ ధర్మం. కీర్తిస్తాను. కానీ బతికున్నన్నాళ్లూ వాడిని చూసి కుళ్లుకున్నదాన్ని. వాడితోపాటే నా అసూయ కూడా పోయిందని బుకాయించలేను.

గోదావరిఖని పట్టణాన్ని కంప్యూటర్‌లో త్రిమితీయ నమూనాగా నిర్మించే పని మా ఇద్దరిదీ. భవనాలు, వీధులు ఎవరైనా కట్టగలరు. వాటి మధ్య చూపరిని దారి తప్పకుండా తిప్పడమే అసలు విద్య. చూసే కన్ను, అంటే మా భాషలో కెమెరా, గోడల్లో దూరకూడదు, నేలలోకి దిగకూడదు. నేను చదువుకున్న శాస్త్రం ఇది. ఆకాశం నుంచి పక్షిలా వీధుల్లోకి వాలే నా పద్ధతికి అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ మురిసిపోయాను.

రఫీ మాత్రం గడ్డం గోక్కున్నాడు. "అక్కా, గిది సగం ఊరే. మిగతా సగం కింద బొగ్గు బాయిల ఉన్నది."

"నేల కిందికి పోతే చూసేటోళ్లు ఆగమైతరు రా," అన్నాను.

"కాకుండ చేస్త. ఫికర్ చెయ్యకు."

చేశాడు మహానుభావుడు! పాత గని పటాలు తెచ్చి సొరంగాలు గీశాడు. కిందికి దిగేకొద్దీ వేగం దానంతటదే తగ్గేది. నేల పారదర్శకమై, పైనున్న వీధులు కనబడుతూనే ఉండేవి. "తొవ్వ చూపెటోడు ముందల ఉరుకొద్దక్కా" అనేవాడు. అంత సరళమైన ఉపాయం నాకెందుకు తట్టలేదని ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు మా అమ్మను పిలిచి తెర ముందు కూర్చోబెట్టాడు. గనిలో పనిచేసి రిటైరై, ఆ తర్వాత కన్నుమూసిన నాన్న, ఇంట్లో ఏనాడూ గని మాట ఎత్తలేదు. అమ్మ అడిగితే "చీకటి, ఇంకేముంటది" అనేవాడు. రఫీ అమ్మను నాన్న పనిచేసిన చోటికి మెల్లగా దింపి, చూపును పైకి తిప్పాడు. పైన మార్కెట్ రోడ్డు.

"అవ్వో! నేను కూరగాయలు బేరం చేస్తుంటె మీ నాయిన నా కాళ్ల కిందనే ఉన్నడా?"

"ఉన్నడమ్మా. నీ లొల్లి ఆయనకు ఇనబడ్డదో ఏమో!" అన్నాడు రఫీ.

ఇద్దరూ నవ్వారు. అమ్మ వాడి తల నిమిరింది. కన్నబిడ్డను నేను. ఊరిలో సగం కట్టిందీ నేనే. ఆమెకు మొగుడి జాడ చూపింది మాత్రం వాడు! ఆనాటి నుంచి ఇంట్లో ఏం వండినా "రఫీకి పంపినవా?" అన్నదే మొదటి మాట. ఒళ్లు మండేది.

నిన్న అమ్మ మళ్లీ కిందికి దింపమంది. వాడి ప్రోగ్రామే, వాడి మీటలే. అయినా నా చేతిలో కెమెరా ఒక మలుపు దగ్గర గోడకు తగులుకుని కదలనంది.

"రఫీని పిలువు బిడ్డా, వాడైతే జల్ది చూపెడ్తడు," అంది అమ్మ, తెర మీది నుంచి కళ్లు తిప్పకుండా. అనేశాక కొంగు నోట్లో కుక్కుకుంది.

నాకు అప్పుడూ కుళ్లే పుట్టింది, దాచను. అయినా రఫీ, పిలిస్తే పలికేవాడివే అయితే అమ్మకంటే ముందు నేనే పిలిచేదాన్ని.