కొలిమిలో ఏముందో

ఎనభై తొమ్మిది వానాకాలం. ఈశాన్య కొండల్లో ఒక పోస్టు దగ్గర ట్రక్కు దిగాను. ఏడు బంకర్లు, ఒక వాచ్ టవరు. భుజాన రైఫిలు, నడుముకు వంద తూటాలు, బూట్లలో ఎప్పుడూ నీళ్లే. ఎదురు లోయలో ముప్పై గడపల ఊరు.

మూడో వారం కబురొచ్చింది. ఆ ఊరి కొలిమికి ఇనుప గొట్టాలు చేరుతున్నాయట, వాటితో తుపాకులు చేస్తున్నారట. చెప్పినవాడు ఒక్కడే, చూసినవాడు లేడు. తెల్లారి దాడికి ఆర్డరు వచ్చింది.

బంకర్లో వాదన జరిగింది. తుపాకులు తయారయ్యేదాకా ఆగితే మన శవాలే మోయాలన్నాడు హవల్దారు. అంతకు ముందు నెలే ఆయన ఇద్దరు జవాన్లను పోగొట్టుకున్నాడు. రేడియో ఆపరేటరు మా సిద్దిపేట పక్క అక్కన్నపేటవాడు. ముందు ఒకరిద్దరం పోయి చూసొద్దామని హవల్దారుతో అన్నాడు. ఎవరూ వినకపోతే నా వైపు తిరిగాడు.

"చూడకుండ ఎట్ల కాలుస్తమే అన్నా? గాడ ఏమున్నదో ఎవలికెరుక?"

"ఉంటె సచ్చేది మనమే గద," అన్నాను నేను.

పొద్దున ఐదూ పదికి పన్నెండుమందిమి కొలిమిని చుట్టుముట్టాం. తలుపు తెరుచుకుంది. ఒకతను భుజం మీద గొట్టంతో బయటికొచ్చాడు. ఆగమని హవల్దారు అరిచాడు. వాన హోరులో సరిగా వినబడలేదేమో, అతను మా వైపు తిరిగాడు. గొట్టమూ తిరిగింది. నేను మూడు తూటాలు కాల్చాను. అతను వెల్లకిలా పడ్డాడు. ఇక అందరూ కాల్చారు. రేకు గోడలు జల్లెడైపోయాయి. లోపల ఎవరో అరిచి, ఆగిపోయారు.

ఊళ్లోంచి ఎవరో వేట తుపాకీ పేల్చారు. గుండ్లు మా ఆపరేటరు గొంతులో దిగాయి. బురదలో మోకాళ్ల మీద కూలాడు. రెండు చేతులతో అదిమి పట్టాను. నా వేళ్ల సందుల్లోంచి రక్తం ఎగజిమ్మింది. నాలుగు నిమిషాల్లో పోయాడు.

కొలిమంతా వెతికాక అతని రేడియో సెట్టు హవల్దారు అందుకున్నాడు. ఆయుధాలు దొరికాయా అని పోస్టు నుంచి అడిగారు.

"లేవు. నీళ్ల పైపులు," అన్నాడాయన.

కొలిమి వెనక నుంచి కొండ ఊట దాకా గొట్టాలు వరసగా పరిచి ఉన్నాయి. ఊరికి నీళ్లు తెచ్చుకుంటున్నారు.

రెండేళ్లకు సర్వీసు ముగించుకుని సిద్దిపేట వచ్చాను. తొంభై ఎనిమిది చలికాలంలో మా బావమరిది దుకాణంలో టీవీ చూస్తున్నాం. ఎక్కడో ఒక దేశం ప్రమాదకరమైన ఆయుధాలు దాచిందని దాని మీద బాంబులేస్తున్నారు. కొట్టడమే న్యాయమని కొందరు, కాదని కొందరు. బావమరిది నన్నడిగాడు.

"ఏం లేకుంటె ఊకెనె కొడ్తరా బావా?"

"మేం గూడ ఊకెనె కొట్టలే," అన్నాను. "ఉన్నయనే కొట్టినం."

ఆ పొద్దున కొలిమి లోపలికి మొదట అడుగు పెట్టింది నేనే. పదహారేళ్లుంటాయేమో, ఒక పిల్ల తోలుతిత్తి మీద బోర్లా పడి ఉంది. ఆమె బరువుకు తిత్తి మెల్లగా గాలి వదులుతోంది. పొయ్యిలో బొగ్గులు ఇంకా ఎర్రబడుతున్నాయి.