బీమా కార్డులో నా పేరు

మొన్న మా వీధిలో ఇల్లు కడుతున్న కూలీలలో ఒక అమ్మాయి వచ్చి, మా వూళ్ళో ఇచ్చిన ఆరోగ్య కార్డు తిరుపతిలో చెల్లుతుందా అమ్మా అని అడిగి గుమ్మంలో కూర్చునేసరికి, నాకు రేణిగుంటలో మేము కొత్త కాపురం పెట్టిన రోజులు కళ్ళ ముందు తిరిగాయి.

పలమనేరు పక్క పల్లెలో ఆవుల మధ్య పెరిగినదాన్ని, పెళ్ళయి ఫ్యాక్టరీ పక్కన వరుస ఇళ్ళలో ఒకదాంట్లోకి వచ్చాను. మా ఆయనకు బీమా కార్డు ఉండేది గానీ, ఉద్యోగంలో చేరేనాటికి ఆయనకు పెళ్ళి కాలేదు కనుక అందులో తల్లి పేరే ఎక్కింది. తర్వాత నా పేరు కూడా ఎక్కించాలని ఆయనకు తోచలేదు, అలాంటిదొకటుంటుందని నాకు తెలియనే తెలియదు. కడుపుతో ఉండగా ఆరో నెలలో నా కాళ్ళు వాచి, కళ్ళు బైర్లుకమ్మి, కుళాయి దగ్గరే కూలబడ్డాను. మా అత్త నన్ను రిక్షాలో బీమా ఆసుపత్రికి తీసుకుపోతే, కిటికీ వెనక గుమాస్తా కార్డు తిరగేసి, ఈమె పేరు లేదే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం నెమ్మదిగా కిటికీలోకి వంగింది.

"నాకు ఏ రోగమూ లేదప్పా. నా పేరు కొట్టేసి ఆడ మా కోడలి పేరు రాసుకో."

గుమాస్తా నవ్వేశాడు.

"ఎవురి పేరూ కొట్టేసే పని లేదు పెద్దమ్మా. పెండ్లయినట్టు పిల్ల పుట్టింటి వూరి మునసబుతో ఒక కాయితం రాయించుకొస్తే సాలు."

అంతటితో ఊరుకోక లోపలికి వెళ్ళి డాక్టరమ్మతో చెప్పాడు. ఆమె ఆ రోజే నన్ను చూసి, రక్తపోటు ఎక్కువగా ఉందని మాత్రలిచ్చి, ఉప్పు మానిపించింది. మర్నాడే అత్త పలమనేరు బస్సెక్కి, సాయంత్రానికి మునసబు కాగితంతోనూ, మా నాయన ఇచ్చిన వెన్నతోనూ దిగింది. మూడు నెలలకు ఆ కార్డు మీదే తిరుపతి పెద్దాసుపత్రిలో మా పెద్దమ్మాయి క్షేమంగా పుట్టింది.

ఆనాటి నుంచి మా వరుసలోకి ఏ కొత్త కోడలు దిగినా, ఏ వూరని కూడా అడగకముందే, కార్డులో నీ పేరెక్కించినారా అని అడగడం అత్తకు అలవాటైపోయింది. ఆమె పోరు పడలేక ఎంతమంది మగవాళ్ళు సెలవు పెట్టి ఆఫీసుకు పరుగెత్తారో!

ఇప్పుడు పేరెక్కించడం నిమిషాల పని, మునసబులూ లేరు, బస్సులో పడి పోనక్కరలేదు. అంతా మేలే జరిగింది. కాకపోతే, ఎదురింట్లోకి ఎవరు కొత్తగా దిగారో నెలలు గడిచినా మాకు తెలియడం లేదు.